అమ్మగారు పడుకున్నారండీ

శనివారం మధ్యాహ్నం మూడున్నరకి తెర లేచింది. మూడూ ముప్పై రెండుకి జడ్జిగారు వేరే నాటకం మొదలుపెట్టేశారు.

బయట బోర్డు మీద రాసి ఉన్న నాటకం 'ఇంటి యజమాని'. జడ్జిగారు మొదలుపెట్టింది 'అమ్మగారి నిద్ర'. రెండూ ఆ నాటకాల కంపెనీ ఆడేవే. రెండింటికీ సెట్టు ఒకటే: ఒక సోఫా, ఒక తలుపు, ఒక టెలిఫోను, మేడ మీదికి వెళ్తున్నట్టు కనిపించి ఎక్కడికీ వెళ్ళని మెట్లు. రెండింట్లోనూ తెర లేవగానే టెలిఫోను మోగుతుంది. రెండింట్లోనూ జడ్జిగారే వంటగది వైపు నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి రిసీవరు ఎత్తాలి. మొదటిదాంట్లో అయితే, "యజమాని ఊళ్ళో లేడండీ, నేను అద్దెకుంటున్నవాణ్ణి" అనాలి. చుట్టాల బెడద పడలేక సొంత ఇంట్లోనే అద్దెకున్నవాడిలా నటించే మనిషి కథ అది. రెండోదాంట్లో ఆయన వంటమనిషి. "అమ్మగారు పడుకున్నారండీ, లేచాక చెబుతాను" అనాలి. అంతకుముందు వారమంతా వేరే హాల్లో ఆడింది ఈ రెండోదే.

టెలిఫోను మోగింది. జడ్జిగారు వచ్చారు, ఎత్తారు, "అమ్మగారు పడుకున్నారండీ, లేచాక చెబుతాను" అన్నారు, పెట్టేశారు.

అప్పుడు సోఫా వైపు చూశారు. అమ్మగారు పడుకుని ఉండవలసిన సోఫా ఖాళీగా ఉంది.

ఆ నోరు జారడానికి కారణం మూడో వరసలో కూర్చుని కళ్ళజోడు తుడుచుకుంటోంది. అతనొక సినిమా దర్శకుడు. జడ్జిగారిని చూడటానికే వచ్చాడు.

జడ్జిగారు నిజానికి జడ్జి కాదు. మీసాలు రాకముందే ఆ కంపెనీలో తెర లాగడానికి చేరిన మనిషి. తెర లాగుతూ లాగుతూ టెలిఫోనులో అవతలి గొంతు అయ్యారు, తర్వాత తలుపు తట్టేవాడయ్యారు, తర్వాత తలుపు తీసేవాడయ్యారు. వేదిక మీద ఆయన రాజు, దొంగ, గుడ్డివాడు, ఒకసారి నటికి జ్వరం వచ్చి అత్తగారు. ఒక రోజు సినిమావాళ్ళు కోర్టు సీనుకి గొంతున్న మనిషి కావాలని వచ్చారు. ఆయన నల్లకోటు వేసుకుని, బల్ల మీద సుత్తితో కొట్టి, "ఆర్డర్, ఆర్డర్" అన్నారు. గొంతు నచ్చింది. మరి వదల్లేదు. కోర్టు సెట్టు ఒకసారి వేస్తే నాలుగు సినిమాలకి తీసేసుకునేవారు. సినిమా మారినప్పుడల్లా ఆయన కళ్ళజోడు మార్చేవారు. బల్ల వెనక పైజామా, చెప్పులు. తెర మీద ఆయన కాళ్ళు చూసినవాళ్ళు లేరు.

దాంతో వీధిలో పేరు స్థిరపడిపోయింది. మంగలి ఆయన గడ్డం గీస్తూ తమ్ముడితో ఉన్న గోడ తగాదా చెప్పి తీర్పు అడిగేవాడు. పక్కింటావిడ కుక్క విషయంలో ఆయన చెప్పిన తీర్పుకి ఇప్పటికీ కట్టుబడి ఉంది.

మూడో వరసలో ఉన్న దర్శకుడి దగ్గర ఉన్న వేషం వేరు. సిటీ బస్సు డ్రైవరు. రోజూ తిప్పే మలుపు దగ్గర ఒక పొద్దున తిప్పడు. ఎక్కినవాళ్ళందరితోనూ బస్సుని తిన్నగా సముద్రందాకా పోనిస్తాడు. మొదటి సీను నుంచి చివరి సీను దాకా అతనే. జడ్జిగారి పేరు ఎవరో చెబితే దర్శకుడు, "మనిషి బాగుంటాడు, కానీ ఆయన నిలబడగా నేనెప్పుడూ చూళ్ళేదు" అన్నాడట. అందుకని కంపెనీ నడిపే పెద్దాయన ఆ శనివారానికి నాటకం మార్చారు. 'ఇంటి యజమాని'లో జడ్జిగారు తెర లేచింది మొదలు పడేదాకా లోపలికి పోరు. నిలబడతారు, పరిగెడతారు, మెట్లెక్కి దూకుతారు. ఈ వేషం పోతే ఈ వయసులో ఇలాంటిది ఇంకోటి రాదని ఆయనకి తెలుసు. రెండు రాత్రులు నిద్ర లేదు. నిద్ర సంగతే నోట్లోంచి ఊడిపడింది.

పెద్దాయన కంపెనీలో చట్టం ఒకటే. వేదిక మీద అన్నమాట వెనక్కి తీసుకోవడానికి వీల్లేదు. ఒకరి నోరు ఎటు జారితే కంపెనీ అంతా అటే నడవాలి. ఒకసారి తండ్రి వేషం వేసినాయన ఒక్క కూతురున్న నాటకంలో "నాకిద్దరు కూతుళ్ళు" అనేశాడు. రెండో అంకానికి రెండో కూతురు వచ్చింది. టిక్కెట్లు చింపే అమ్మాయి. ఆ అమ్మాయి పెళ్ళి కూడా ఆ నాటకంలోనే కుదిర్చారు.

తెర పక్కన, జనానికి కనపడని చోట, మాటలు అందించే పని జడ్జిగారి బావమరిదిది. అతని చేతిలో 'ఇంటి యజమాని' ప్రతి ఉంది. దాన్ని మూసి పెద్దాయన వైపు తిరిగాడు.

"బావ పడుకోబెట్టేశాడు," అన్నాడు.

"ఎవర్ని?"

"అక్కని."

అక్క అంటే జడ్జిగారి భార్య. ఈ తమ్ముడు తప్ప కంపెనీలో మిగతా అందరికీ ఆవిడ వదిన. 'అమ్మగారి నిద్ర'లో నాటకమంతా ఆవిడే. 'ఇంటి యజమాని'లో ఆవిడ పని రెండో అంకంలో గొడుగుతో వచ్చి పైకప్పు కారుతోందని చెప్పి పోవడం. ఆ సమయానికి రెయిన్‌కోటు వేసుకుని బల్ల మీద కూర్చుని గొడుగు కమ్మీ సరిచేసుకుంటోంది.

"ఆయన పడుకోబెడితే సరా? నేనక్కడ లేనుగా," అంది వదిన.

"ఉన్నావని చెప్పేశాడుగా," అన్నారు పెద్దాయన. "వెళ్ళు."

"నిద్రపోతున్నదాన్ని తలుపు తీసుకుని ఎలా వెళ్ళనండీ?"

"అది నీ నిద్ర. నాకేం తెలుసు?"

అటు వేదిక మీద జడ్జిగారు సోఫా దులుపుతున్నారు. దులిపిందే దులుపుతున్నారు. చేతులు దులుపుతుంటే బుర్ర తోవ వెతికింది, దొరికింది కూడా. అమ్మగారంటే మేడ మీద అద్దెకున్నావిడ. ఆవిడ పడుకుంది. యజమాని ఊళ్ళో లేడు. అంతే, బండి మళ్ళీ పట్టాలెక్కుతుంది, బస్సు మళ్ళీ ఆయనదవుతుంది. జనం వైపు తిరిగారు, ఊపిరి పీల్చుకున్నారు, నోరు తెరిచారు.

తలుపు తెరుచుకుంది. వదిన కళ్ళు మూసుకుని, గొడుగు విప్పుకుని, నిద్రలో నడుస్తూ లోపలికొచ్చింది. సోఫా చుట్టూ ఒక చుట్టు తిరిగింది. వంటమనిషి చేతిలోని గుడ్డ తీసుకుని దాంతో మొహం తుడుచుకుని మళ్ళీ అతని భుజాన వేసింది. సోఫా మీద పడుకుంది. గొడుగు మూయలేదు. దాని కిందే గురక పెట్టింది.

హాలు ఒక్కసారిగా గొల్లుమంది. జడ్జిగారు నోరు మూసుకున్నారు. మూడో వరసలో దర్శకుడు కళ్ళజోడు పెట్టుకున్నాడు.

ఆ తర్వాత గంటన్నర ఆ హాల్లో జరిగినదాన్ని నాటకం అనాలో మంటలార్పడం అనాలో కంపెనీవాళ్ళు ఇప్పటికీ తేల్చుకోలేదు. 'అమ్మగారి నిద్ర' అంటే, ఇల్లు తమ పేర రాయించుకోవాలని వచ్చిన చుట్టాలు చుట్టూ చేరి మాట్లాడుకుంటుంటే నిద్ర నటిస్తూ అన్నీ వినే ఆవిడ కథ. బావమరిది దగ్గర ఆ నాటకం ప్రతి లేదు. నోటికొచ్చినంత అందించాడు. మొదట గుసగుసగా అందించాడు, తర్వాత ఉత్సాహం ఆగలేదు. ఒకచోట అతని మాటే ముందు వినపడి జనం నవ్వారు. సోఫా మీంచి వదిన, "గోడలు కూడా మాట్లాడుతున్నాయి ఈ ఇంట్లో" అంది, కళ్ళు తెరవకుండా. గోడ ఊరుకుంది.

రెండో వరసలో ఒక పెద్దమనిషి భార్యతో గొడవ పడుతున్నాడు.

"పోయిన నెల చూసిన కథ ఇది కాదే."

"నువ్వు పోయిన నెల నిద్రపోయావు."

"నేను నిద్రపోలేదు. అందులో మొగుడు మెట్ల మీంచి దూకుతాడు."

"నా మొగుడైతే దూకడు. ఊరుకో, వినపడటంలేదు."

అసలు చిక్కు డాక్టరు దగ్గర వచ్చింది. డాక్టరు వేషం గుండుది. గుండు అని కంపెనీలో పిలుపు. తల నిండా జుట్టుంది, ఆ పేరెందుకు వచ్చిందో ఎవరికీ గుర్తులేదు. 'ఇంటి యజమాని'లో అతను పోలీసు. ఆ వేళ పోలీసు బట్టల్లోనే ఉన్నాడు. తెల్లకోటు ఉన్న పెట్టె పాత హాల్లో ఉండిపోయింది.

"ఈ లాఠీతో ఏం వైద్యం చెయ్యనండీ?" అన్నాడు పెద్దాయనతో.

"నువ్వు ఇవాళ దాకా చేసింది ఏ వైద్యంరా? పో."

జడ్జిగారు తలుపు తీశారు. బూట్లు, బెల్టు, టోపీ చూశారు. "డాక్టరుగారొచ్చారమ్మా" అన్నారు. హాలు ఇంకా నవ్వుతుండగానే గుండు సోఫా దగ్గరికి నడిచి, మణికట్టు పట్టుకున్నాడు. భయానికి కాస్త గట్టిగానే పట్టుకున్నాడు.

"నాడి చూస్తున్నారా, అరెస్టు చేస్తున్నారా?" అంది వదిన.

నాటకంలో రాసిన మాట కాదది. గుండు లాఠీ చంకలో పెట్టుకున్నాడు. "అవసరాన్నిబట్టి," అన్నాడు. వెళ్ళేటప్పుడు అలవాటు కొద్దీ సెల్యూట్ చేశాడు. వదిన పడుకునే తిరిగి సెల్యూట్ చేసింది.

జడ్జిగారికి ఆ నాటకంలో ఉన్నవి పది మాటలు. మిగతా అంతా భుజం మీద గుడ్డతో ఒక పక్కన నిలబడటమే. దర్శకుడు ఆయన నిలబడగా చూడాలన్నాడు. చూసే వీలు పుష్కలంగా దొరికింది, చూడలేదు. అతని కళ్ళు సోఫా మీదే ఉన్నాయి. జడ్జిగారు రెండుసార్లు దగ్గారు. ఒకసారి గుడ్డ కావాలని పడేసి తీసుకున్నారు. మూడో వరసలో తల ఇటు తిరగలేదు. చివర్లో అమ్మగారు లేచి కూర్చుని, చుట్టాల్ని ఒక్కొక్కళ్ళనీ పేరుపెట్టి బయటికి పంపి, వంటమనిషిని మాత్రం "నువ్వు కూర్చో" అంటుంది. రోజూ ఆ మాటకి జడ్జిగారు సోఫా అంచున జనం వైపు తిరిగి కూర్చుంటారు. ఆ వేళ ఆవిడ వైపు తిరిగి కూర్చుండిపోయారు. రెయిన్‌కోటులో చెమటలు కారుతున్నాయి ఆవిడకి. తెర పడింది.

మేకప్ గదిలో ఒక అద్దం, మూడు బల్బులు, కుర్చీల కంటే ఎక్కువమంది మనుషులు. దర్శకుడు తోసుకుంటూ వచ్చాడు. జడ్జిగారు లేచి నిలబడ్డారు. దర్శకుడు ఆయన చెయ్యి పట్టుకుని ఊపాడు. ఊపుతూ ఆయన భుజం మీంచి వెనక్కి చూశాడు.

"ఆవిడెవరండీ?"

"మా ఆవిడండీ."

వదిన దూదితో మొహం మీది రంగు తుడుచుకుంటోంది. ఒక చెంప అమ్మగారిది, ఒక చెంప ఆవిడది.

"అమ్మా, మీకు బండి నడపడం వచ్చా?" అన్నాడు దర్శకుడు.

"ఈ సోఫా, మెట్లు, ఈ మనుషులు ఊరూరా ఎగిరి వెళ్తున్నారనుకున్నారా? కంపెనీ వ్యాను నడిపేది నేనే."

దర్శకుడు కుర్చీ కోసం చూశాడు, దొరకలేదు, పెట్టె మీద కూర్చున్నాడు. "నా కథలో డ్రైవరు మగవాడే అయి ఉండాలని ఎక్కడా లేదు," అన్నాడు, ఎవరితోనూ కాదు, తనతోనే. రేపు సాయంత్రంలోగా తేల్చి చెప్పమని అడిగి, ఫోన్ నంబరు ఇచ్చి వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు జడ్జిగారి చెయ్యి ఇంకోసారి ఊపాడు.

గుండు పోలీసు బట్టల్లోనే వచ్చి జడ్జిగారిని వాటేసుకున్నాడు.

"అన్నయ్యా, నాకిప్పుడు అర్థమైంది. అంత పెద్ద వేషం చేతికందుతుంటే వదిన కోసం నాటకమే మార్చేశావు. కట్టుకున్నదానికి ఇంత చేసినవాణ్ణి నేను చూళ్ళేదు."

జడ్జిగారు నోరు తెరిచారు. బావమరిది అప్పటికే కళ్ళు తుడుచుకుంటున్నాడు. టిక్కెట్లు చింపే అమ్మాయి వచ్చి, "మాకు ఇలాంటి మొగుళ్ళు దొరకరండీ" అంది. ఎవరో టీ తెచ్చి ఆయనకి ముందిచ్చారు. పెద్దాయన ఎవర్నీ మెచ్చుకునే మనిషి కాదు. ఆయన కూడా వచ్చి జడ్జిగారి భుజం మీద చెయ్యి వేసి, "బాగుంది" అన్నారు. జడ్జిగారు తెరిచిన నోటితో టీ తాగారు.

వదిన రెండో చెంప తుడుచుకుంది.

ఇంటికి వెళ్ళేటప్పటికి ఇంకా వెలుతురుంది. వెనక సోఫా, మెట్లు; ముందు వదిన స్టీరింగు దగ్గర, పక్కన జడ్జిగారు. బావమరిది మెట్ల మీద కూర్చుని నిద్రపోతున్నాడు. రెండు వీధులు దాటాక వదిన పిలిచింది.

"ఏమండీ."

"ఊఁ."

"అందరూ అంటున్నది నిజమేనా?"

"ఏమంటున్నారు?"

"తెలీనట్టు. నా కోసం కావాలనే చేశారని."

జడ్జిగారు కిటికీలోంచి బయటికి చూశారు. ఒక సిటీ బస్సు వాళ్ళని దాటి వెళ్ళింది.

"చూడండి," అంది వదిన. "కావాలనే చేసుంటే చెప్పండి. నేనేం అనుకోను. రేపు పొద్దున్నే ఆ మనిషికి ఫోన్ చేసి, వేషం మీదే, మీకే ఇమ్మంటాను. ఇన్నేళ్ళూ నాకెవరూ ఏదీ జాలిపడి ఇవ్వలేదు. మొగుడు ఇచ్చినా నాకొద్దు. మీరు మనసులో బస్సుని తలుచుకుంటుంటే నేను దాన్ని నడపలేను."

సిగ్నల్ దగ్గర వ్యాను ఆగింది.

జడ్జిగారికి విషయం బోధపడింది. ఒక్క "అవును" అంటే చాలు. త్యాగం ఆయనదే, వేషమూ ఆయనదే. అనడానికి ఆయన గొంతుకి కష్టమేమీ కాదు. ఇంతకంటే పెద్ద అబద్ధాలు ఆఖరి వరసదాకా వినపడేలా చెప్పిన గొంతు అది. సోఫా అంచున కూర్చున్నప్పుడు ఆవిడ మెడ మీంచి కారిన చెమట కళ్ళముందు ఆడింది. సిగ్నల్ పచ్చ అయింది. వెనక బళ్ళు హారన్లు కొడుతున్నాయి.

"నోరు జారింది," అన్నారు.

"ఏమిటీ?"

"నోరు జారింది. ఆ దర్శకుణ్ణి చూసి చేతులూ కాళ్ళూ ఆడలేదు. రిసీవరు ఎత్తితే వారమంతా చెప్పిందే వచ్చేసింది. వచ్చాక దిద్దుకుందామనే చూశాను. అమ్మగారు మేడ మీద అద్దెకున్నావిడ అని చెప్పబోయాను. నోరు తెరిచాను కూడా. నువ్వు గొడుగేసుకుని వచ్చేశావు."

"అంటే నేను రాకపోతే..."

"నేనే డ్రైవర్ని."

వదిన ఆయన మొహంలోకి చూసింది. ఇన్నేళ్ళు పక్కన నిలబడి నటించిన మనిషి. ఏది నటనో ఏది కాదో ఆవిడకి వేరే చెప్పక్కర్లేదు. స్టీరింగు మీద తల ఆనించింది. భుజాలు కదిలాయి. జడ్జిగారు కంగారుపడ్డారు. ఆవిడ నవ్వుతోంది. క్లచ్ మీంచి కాలు జారి వ్యాను ఒక్క గెంతు వేసి ఆగిపోయింది. వెనక మెట్లు సోఫా మీద పడ్డాయి. బావమరిది లేచి, "యజమాని ఊళ్ళో లేడండీ" అని అందించాడు.

"వీడు ఇప్పుడందిస్తున్నాడు," అన్నారు జడ్జిగారు.

అంతే, ఆవిడ పొట్ట పట్టుకుంది. హారన్లు ఒకటే మోత. వెనక కారాయన దిగి కిటికీ దగ్గరికొచ్చాడు.

"ఏమైందమ్మా?"

"మా ఆయన త్యాగం చేశాడండీ," అంది వదిన, నవ్వు మధ్య ఊపిరి తీసుకుంటూ.

"ఎందుకు?"

"తెలీకుండా."

కారాయన జడ్జిగారి వైపు చూశాడు. "మిమ్మల్ని ఎక్కడో చూశాను," అన్నాడు. జడ్జిగారు కింద పడిన గొడుగు తీయడానికి వంగి, అతను వెళ్ళేదాకా లేవలేదు.

ఇంటి మలుపు దాకా ఆవిడ నవ్వింది. మలుపు దగ్గర ఆగి, "మరి అంతమంది పొగుడుతుంటే చెప్పలేదేం?" అంది.

"చెబుదామనే ఉంది. టీ ఇచ్చారు."

మర్నాడు పొద్దున వదిన దర్శకుడికి ఫోన్ చేసి ఒప్పుకుంది. జడ్జిగారు ఆ పక్కనే కూర్చుని విన్నారు. ఆవిడ పెట్టేశాక లేచి పెరట్లోకి వెళ్ళి కాసేపు ఒంటరిగా నిలబడ్డారు. లోపలికొచ్చి, "ముందు గేర్లు ఎలా ఉంటాయో చూసుకో, బస్సుకి వేరు" అన్నారు.

"మీకెలా తెలుసు?"

"నెల నుంచి బస్సు డ్రైవర్ల వెనకే కూర్చుని చూస్తున్నాగా."

కంపెనీలో కూడా ఆయన ఉన్నదున్నట్టు చెప్పేశారు. ఎవరూ నమ్మలేదు. "గొప్పవాళ్ళు ఇలాగే అంటారు" అన్నాడు గుండు. గట్టిగా చెప్పినకొద్దీ ఇంకా ఆకాశానికెత్తారు. పెద్దాయన మాత్రం, "జారిందని నాకా రోజే తెలుసు. నువ్వు దిద్దబోవడం కూడా చూశాను. మళ్ళీ దిద్దబోయావంటే తెర లాగడానికి పంపిస్తా" అన్నారు. 'అమ్మగారి నిద్ర'ని ఇప్పుడు ఖాళీ సోఫాతోనే మొదలుపెడుతున్నారు. డాక్టరు పోలీసు బట్టల్లోనే వస్తున్నాడు.

దర్శకుడు కథలో ఇంకో మార్పు చేశాడు. బస్సులో డ్రైవరు వెనక సీటులో ఒక ప్రయాణికుణ్ణి పెట్టాడు. మలుపు దాటిపోయిందని మొదట గొడవ పడేదీ, సముద్రం రాగానే ఇంకా కొంచెం ముందుకి పోనిమ్మనేదీ అతనే. ఆ వేషం జడ్జిగారికిచ్చాడు. కథంతా కూర్చునే ఉండాలి. జడ్జిగారు ఒప్పుకునేముందు ఒకే ఒక్క కోరిక కోరారు: కాళ్ళు కనపడాలి.

మొదటి రోజు షూటింగు ఊరి చివర రోడ్డు మీద. బస్సులో కెమెరామాను, ప్రయాణికుల వేషాలవాళ్ళు, జడ్జిగారు. దర్శకుడు కింద రోడ్డు మీద నిలబడి, సహాయకుడితో, "స్టార్ట్ అనగానే కెమెరా, యాక్షన్ అనగానే బస్సు" అని చెబుతున్నాడు. కిటికీలోంచి వదినకి అందులో ఒక్క మాటే వినపడింది: స్టార్ట్. కంపెనీ వ్యానులో ఆ మాటకి ఒకటే అర్థం. గేరు వేసింది.

బస్సు కదిలింది. దర్శకుడు కొంతదూరం వెనక పరిగెత్తాడు, తర్వాత ఆగాడు. బస్సు కదలగానే కెమెరామాను కెమెరా ఆన్ చేశాడు, మరి ఆపలేదు. మలుపు వచ్చింది, దాటింది. జడ్జిగారు సీటులోంచి లేచి, కడ్డీ పట్టుకుని, "అమ్మాయ్, నా స్టాపు పోయింది" అన్నారు. రాసిన మాట కాదది.

"ఏ స్టాపండీ మీది?" అంది వదిన, రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా.

"ఇప్పుడు దాటింది చూడు, అదే."

"రోజూ అక్కడే దిగుతారా?"

"రోజూను."

"ఇవాళ కూర్చోండి."

జడ్జిగారు కూర్చోలేదు. తక్కిన ప్రయాణికులు నవ్వు ఆపుకోలేకపోయారు. నవ్వని ఒకే ఒక్క మనిషి కెమెరామాను, కెమెరా కదులుతుందని. బస్సు తిరిగి వచ్చేటప్పటికి దర్శకుడు రోడ్డు పక్క పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. కెమెరామాను దిగి వెళ్ళి అతనితో కాసేపు మాట్లాడాడు. ఇద్దరూ కెమెరాలో తీసినది చూసుకున్నారు. సహాయకుడు రెండో టేకుకి బోర్డు రాసి తెచ్చాడు. దర్శకుడు అక్కర్లేదన్నాడు.

ఆ సీను మళ్ళీ తీయలేదు.